టీకా ముందు తనకే: వాల్డెమార్ హాఫ్‌కిన్

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ తల్లిదండ్రులకు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ కొత్త కాదు. పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట మన నోట్లో పడి కోరంటి అయింది. ఆ ఆసుపత్రికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. 1897లో సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రాస్ మన పిల్లలకు జీకే పాఠాల్లో తెలిసినవారే. ఆయన మరో శాస్త్రవేత్త కోసం గట్టిగా నిలబడ్డారన్న సంగతి అంతగా వినపడదు.

ఆ శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్‌కిన్. 1860లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సాలో, యూదు కుటుంబంలో పుట్టారు. చదువులో మేటి. కానీ యూనివర్సిటీలో పైకి రావాలంటే మతం మారాలన్నారు. ఆయన మారలేదు, దేశమే వదిలారు. 1889లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు, అదీ లైబ్రరీ సహాయకుడిగా. అంత చదివిన అబ్బాయి పుస్తకాలు సర్దుతుంటే మన ఇళ్లలో ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు. అక్కడే కలరా టీకా తయారు చేశారు. 1892 జూలై 18న మొదటి సూది తనకే వేసుకున్నారు.

మరుసటి ఏడాది కలకత్తా వచ్చి బస్తీల్లో టీకాలు వేశారు. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ప్లేగు టీకా తయారు చేసి, 1897 జనవరి 10న మళ్లీ తన ఒంటిమీదే పరీక్షించుకున్నారు. ప్రాణం నిలపడానికి అవసరమైతే పవిత్రమైన విశ్రాంతి దినం సబ్బాత్ నియమాన్నైనా పక్కన పెట్టాలంటుంది యూదు ధర్మం. ఆ పెంపకం ఆయనలో కనిపిస్తుంది. అయితే ఆ తర్వాత బైకలా జైల్లో ఖైదీలకు టీకా వేశారు. వాళ్లు ఇష్టపడే ముందుకొచ్చారంటారు. జైల్లో ఉన్న మనిషి ఇష్టాన్ని ఎంతవరకు ఇష్టమనుకోవాలి? ఈ రోజుల్లో ఎథిక్స్ కమిటీలు దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోవు.

1902 అక్టోబర్ 30న పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో 107 మందికి టీకా వేశారు. ఒకే సీసా నుంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. హాఫ్‌కిన్ టీకా తయారీ పద్ధతి మార్చడమే కారణమని నింద వేశారు. పదవి పోయింది. రష్యా నుంచి వచ్చిన యూదుడు, పైగా వైద్య పట్టా లేనివాడు! ఆయన పక్షాన మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉంటారు?

నిజానికి ఆ రోజు సీసా మూత తీసే పట్టకారు ఊళ్లోనే నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. ఈ వివరం విచారణ కాగితాల్లో ముందునుంచీ ఉంది. 1907లో రోనాల్డ్ రాస్, మరికొందరు శాస్త్రవేత్తలతో కలిసి లండన్ టైమ్స్ పత్రికలో ఆ సంగతి బయటపెట్టి పోరాడారు. ఆ ఏడాదే హాఫ్‌కిన్ నిర్దోషి అని తేల్చారు. అప్పటికి ఐదేళ్లు గడిచాయి. ఆయన తిరిగి కలకత్తా వచ్చారు గానీ, బొంబాయి పరేల్ ప్రయోగశాలలో పాత కుర్చీ మాత్రం దక్కలేదు. 1925లో ఆ సంస్థకు ఆయన పేరు పెట్టారు.

ప్రయోగశాల మనిషి అయినా సంప్రదాయ యూదు జీవనాన్ని సమర్థిస్తూ 1916లో ఒక వ్యాసం రాశారు. పెళ్లి చేసుకోలేదు. 1930 అక్టోబర్ 26న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కన్నుమూశారు. దాచుకున్న డబ్బంతా తూర్పు యూరప్‌లోని యూదు మత పాఠశాలలకు రాసిచ్చారు. అక్కడి పిల్లలు ధర్మగ్రంథాలతో పాటు సైన్స్, చేతిపని కూడా నేర్చుకోవాలని కోరారు.