నేల జబ్బు కనిపెట్టిన బానిస బిడ్డ

జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌ను వేరుశనగతో వందల వస్తువులు తయారుచేసిన నల్లజాతి శాస్త్రవేత్తగా చెప్పుకుంటారు. ఆయన జీవితకాలపు పని మాత్రం నేల మీద, ఆ నేలనే నమ్ముకుని అప్పుల్లో కూరుకుపోయిన మనుషుల మీద సాగింది.

పుట్టిన తేదీ రాసిపెట్టినవాళ్లు లేరు. 1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మేరీ అనే బానిస తల్లికి పుట్టాడు. పసికందుగా ఉండగానే ఒక దోపిడీ ముఠా తల్లీబిడ్డలను ఎత్తుకుపోయింది. బిడ్డ దొరికాడు, తల్లి మళ్లీ కనిపించలేదు. బక్కపలచని ఆ పిల్లాడు మొక్కల మధ్యే పెరిగాడు. వాడిపోతున్న మొక్కలుంటే ఇరుగుపొరుగువాళ్లు అతనికే చూపించేవారు. ఊళ్లో బడి తెల్లపిల్లలకే కావడంతో, నల్లపిల్లల బడి కోసం మైళ్ల దూరం నడిచి నియోషో పట్నం చేరాడు.

కాన్సాస్‌లోని హైలాండ్ కాలేజీ దరఖాస్తు చూసి సీటిచ్చింది. మనిషిని చూశాక నల్లవాడని వెనక్కి పంపింది. ఇంటిపేరు విని, ఊరు అడిగి కులం తేల్చుకునే ఇంటర్వ్యూ గదులు చూసిన మనకు ఇది కొత్త కథ కాదు. కొన్నేళ్లకు, 1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకుంటూ, బట్టలుతికి పొట్టపోసుకున్నాడు. అతను గీసిన మొక్కల బొమ్మలు చూసిన టీచర్ ఎట్టా బడ్ వృక్షశాస్త్రం చదవమని ప్రోత్సహించింది. 1891లో ఏమ్స్‌లోని వ్యవసాయ కాలేజీలో మొదటి నల్లజాతి విద్యార్థిగా చేరాడు. అక్కడ తెల్లవిద్యార్థుల భోజనశాలలోకి రానివ్వలేదు, కింది గదిలో పనివాళ్లతో తినమన్నారు. తట్టుకుని నిలబడి 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తిచేశాడు.

అదే ఏడాది బుకర్ టి. వాషింగ్టన్ పిలుపుతో అలబామాలోని టస్కెగీ నల్లజాతి విద్యాసంస్థకు వెళ్లాడు. అక్కడ ప్రయోగశాల లేదు. పారేసిన సీసాలు, డబ్బాలు ఏరి విద్యార్థులతో కలిసి పరికరాలు తయారుచేసుకున్నాడు.

బానిసత్వం చట్టంలో పోయినా పొలంలో పోలేదు. భూమి ఎక్కువగా తెల్లవాళ్లది. నల్లవాళ్లు పంటలో వాటాకు సాగుచేసేవారు. విత్తనం నుంచి తిండిగింజల దాకా అన్నీ అప్పే. ఆ అప్పుకు హామీ పత్తి పంట. ఏటా పత్తే వేయడంతో నేల సారం పోయింది, దిగుబడి పడిపోయింది, అప్పు పెరిగింది. అప్పు తీరాలంటే మళ్లీ పత్తే వేయాలి.

కొన్న ఎరువుతో ఈ రైతు బతకలేడని కార్వర్‌కు అర్థమైంది. అడవిలో రాలిన ఆకులు, చిత్తడి నేలల బురద, పశువుల పెంట కలిపి నేలకు పెట్టమన్నాడు. పత్తి తర్వాత అలసందలు, వేరుశనగ వేయమన్నాడు. వాటి వేరుబుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది, నేలనూ బాగుచేస్తుంది. గింజలు ఇంట్లో పిల్లల కడుపు నింపుతాయి. 1906లో టస్కెగీ నుంచి ఒక బండి బయల్దేరింది. పనిముట్లు, విత్తనాలతో ఊరూరా తిరిగిన ఆ బండే చదువురాని రైతుకు కాలేజీ అయింది. తేలిక మాటల్లో 40కి పైగా కరపుస్తకాలు రాశాడు. 1916 నాటి పుస్తకంలో వేరుశనగను వండుకునే 105 పద్ధతులున్నాయి.

ఆయన చుట్టూ కట్టుకథలూ అల్లుకున్నాయి. పీనట్ బటర్ ఆయన కనిపెట్టింది కాదు. ఆయన తయారుచేసిన వాటిలో చాలావరకు మార్కెట్‌కు చేరలేదు. జాతి వివక్ష మీద బాహాటంగా గొంతెత్తలేదన్న విమర్శా ఉంది. 1921లో వేరుశనగ సుంకంపై అమెరికా చట్టసభ కమిటీ ముందు మాట్లాడినప్పుడు సభ్యుల జాతి వెటకారాన్ని ఓర్చుకున్నాడు. 1943 జనవరి 5న చనిపోయాడు. దాచుకున్న డబ్బు టస్కెగీలో పరిశోధనలకే ఇచ్చాడు.

ఫూలే 1873లో గులాంగిరిని అమెరికాలో బానిసత్వాన్ని రద్దుచేసిన వారికి అంకితమిచ్చాడు. ఆ బంధాన్ని మన చదువుల్లోనూ చూడాలి. పర్యావరణ శాస్త్రం అంటే అడవులు, పులులేనని అనుకునే మన విద్యార్థులు కార్వర్‌ను చదవాలి. ఊరి చెత్త ఏ వాడ పక్కన పడుతోంది, పట్టా లేని కౌలురైతు నేలకు ఎరువు ఎక్కణ్ణించి తెస్తాడు అన్నవీ ఆ శాస్త్రంలోని ప్రశ్నలే. వాటిని అడగడానికి వాడ నుంచి వచ్చినవాళ్లు ప్రయోగశాలల్లో ఉండాలి.