మాంటిస్సోరి తొలి శిష్యులు ఎవరో తెలుసా?

మన కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నాం లెండి) జగ్గయ్యపేట, నందిగామ ఆడవాళ్ళకి మాంటిస్సోరి అనే మాట కొత్తేమీ కాదు. 1955లో విజయవాడలో కోటేశ్వరమ్మగారు ఆ పేరుతో బడి పెట్టిన దగ్గర్నుంచీ మన ఇళ్ళలో వినబడుతున్నదే. అయితే అదొక మనిషి పేరనీ, ఆవిడ డాక్టరనీ, ఆవిడ మొట్టమొదట చదువు చెప్పింది ఏ బడీ చేర్చుకోని పిల్లలకనీ ఎంతమందికి తెలుసు?

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో కియరావల్లె అనే చిన్న ఊళ్ళో పుట్టింది. కూతురు టీచరయితే చాలనుకున్నాడు తండ్రి. ఆమె డాక్టరు చదువుతానని పట్టుబట్టింది. తల్లి కూతురి వైపు నిలబడింది. మగపిల్లలతో కలిసి శవాన్ని కోయడం మర్యాద కాదని, అందరూ వెళ్ళిపోయాక సాయంత్రాలు ఒక్కదాన్నే ఆ పని చేసుకోమన్నారు. చేసుకుంది. 1896లో డాక్టరై బయటికొచ్చింది.

ఉద్యోగరీత్యా ఆవిడ రోమ్ నగరంలోని పిచ్చాసుపత్రులకు వెళ్ళేది. బుద్ధి ఎదగని పిల్లల్ని ఆ రోజుల్లో అక్కడే, పెద్దవాళ్ళతో పాటే పడేసేవారు. ఒకచోట పిల్లలు అన్నాలయ్యాక నేలమీద రొట్టె ముక్కల కోసం వెతుక్కుంటున్నారట. అక్కడి ఆయా అది చూసి అసహ్యించుకుంది. మరియా మాత్రం గది చుట్టూ చూసింది. ఆ గదిలో పట్టుకోవడానికి ఒక్క వస్తువు లేదు! చేతులకి పని లేక ఆ పిల్లలు రొట్టె ముక్కలతో కాలక్షేపం చేస్తున్నారు. లోపం పిల్లల్లోనే కాదు, గదిలోనూ ఉందని ఆవిడకి తోచింది. ఆ తర్వాత ఆవిడ చేసిందంతా ఆ గదిని మార్చడమేనంటాను నేను.

ఫ్రాన్సు డాక్టర్లు ఇతార్, సెగ్విన్ ఇలాంటి పిల్లల గురించి రాసిన లావుపాటి పుస్తకాల్ని ఆవిడ తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకుంది. 1900లో రోమ్‌లో ఆ పిల్లలకీ, వాళ్ళకి చెప్పే టీచర్లకీ కలిపి ఒక బడి తెరిచారు. మాంటెసానో అనే డాక్టరుతో కలిసి మరియా దాన్ని నడిపింది. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా పిల్లలతోనే.

అక్కడొక పదకొండేళ్ళ పిల్లకి కుట్టుపని ఎంత చెప్పినా రాలేదు. మరియా సూది పక్కన పెట్టించి, కాగితపు పట్టీల్ని ఒకదాని కిందా మీదా దూర్చి చాపలా అల్లడం నేర్పింది. కొన్నాళ్ళకి మళ్ళీ సూది ఇస్తే పిల్ల కుట్టేసింది. చెయ్యి ముందే సిద్ధమైపోయింది మరి! అక్షరాలూ అంతే. చెక్కతో అక్షరాలు చేయించి, అచ్చులకి ఎరుపు, హల్లులకి నీలం వేయించి, పిల్లల చేత వేలితో తడిమించేది. మన పెద్దవాళ్ళు పళ్ళెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దించింది గుర్తొస్తోంది కదూ? ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలు రాసే పరీక్షే రాసి పాసయ్యారు. లోకమంతా ఆహా అంది. మరియాకి మాత్రం వేరే దిగులు పట్టుకుంది. వీళ్ళే పాసయితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని మన బడులు ఇంత తక్కువలో ఎందుకు ఉంచుతున్నాయని.

ఈ మధ్యలో ఆవిడ గుండెలో ఒక ముల్లు ఉంది. మాంటెసానో వల్ల 1898లో ఆవిడకి కొడుకు పుట్టాడు. పెళ్ళి కాలేదు. పిల్లవాణ్ణి పల్లెలో ఒక కుటుంబానికి పెంపకానికిచ్చారు. మాంటెసానో ఇంకొకరిని పెళ్ళాడాడు. మరియా ఆ బడి వదిలేసింది. ఊళ్ళో పిల్లలందరికీ అమ్మయిన మనిషి తన బిడ్డని పదిహేనేళ్ళ దాకా దగ్గరికి తెచ్చుకోలేకపోయింది, పాపం.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆవిడ పిల్లల ఇల్లు తెరిచింది. పిల్లలే మోయగల తేలిక కుర్చీలు, వాళ్ళ చేతికందే ఎత్తులో అరలు, ఏ వస్తువు ఎక్కడ తీస్తే అక్కడే పెట్టే పద్ధతి. ఈనాటి కాన్వెంట్లలో మనం ముచ్చటపడే చిన్న కుర్చీల వెనక, ఆ తొలి పిల్లల నుంచి నేర్చుకున్న పాఠమే ఉంది.

1939లో ఆవిడ మద్రాసు వచ్చింది, అడయారు దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద. మన జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేది. తాటాకు పాకల్లో దాదాపు మూడు వందల మందికి శిక్షణ ఇచ్చింది. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే వెంట వచ్చిన కొడుకు మారియోని ఇంగ్లీషు ప్రభుత్వం నిర్బంధించింది. ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకి వైస్రాయి అతన్ని విడిచిపెడుతూ ఆవిడ కొడుకనే పేర్కొన్నాడు. అంతదాకా లోకానికి బంధువుగానో పెంపుడు కొడుకుగానో తెలిసినవాడు! 1949లో మన దేశం విడిచి వెళ్ళిన మాంటిస్సోరి, 1952 మే 6న హాలెండులో కన్నుమూసింది.

నందిగామలో నాకు తెలిసిన ఒక తల్లి ఉంది. కూతురికి చూపూ తక్కువే, నడకా తక్కువే, మాట కూడా స్పష్టంగా రాదు. రెండు బడుల చుట్టూ తిరిగింది. పిల్ల తమ బడికి సరిపోదన్నారు. బడి పిల్లకి సరిపోవాలి గదా అని అడిగే ధైర్యం ఆవిడకి లేకపోయింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ అలా పొమ్మనకూడదు. భవనాన్నీ, బోధననీ పిల్లకి తగ్గట్టు మార్చాలి. వాకిట్లో ఒక ర్యాంపు కట్టి చేతులు దులుపుకుంటే అయిపోదు. అలాంటి పిల్లకి వెలుతురు పడే కిటికీ దగ్గర చోటు కావాలి, గోల తక్కువుండాలి, తన వస్తువులు రోజూ ఒకే చోట దొరకాలి, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. వీటిలో లక్షలు పోసేదేదీ లేదు.

ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం మండలాల్లో నడిపే భవిత కేంద్రాల గురించి విని ఆ తల్లి వెళ్ళింది. అక్కడి టీచరమ్మ చెప్పినట్టు, వడ్రంగులు వాడే గరుకు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి అట్టముక్కల మీద అంటిస్తోంది. పాప ఇప్పటికి ఏడు అక్షరాలు వేలితో తడిమి గుర్తుపడుతోంది. బడిలో మాత్రం ఇంకా చేరలేదు.