పేరు నుంచి వాటా దాకా: భాగ్యరెడ్డి వర్మ మిగిల్చిన ప్రశ్న

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితాలో మొట్టమొదట కనిపించే పేరు ‘ఆది ఆంధ్ర’. తాడేపల్లిగూడెం, ఏలూరు ప్రాంతాల దళిత విద్యార్థుల కుల ధ్రువీకరణ పత్రాలలో ఈ పేరును నేను తరచూ చూస్తుంటాను. ఇది ఏ శాస్త్రమూ ఇచ్చిన పేరు కాదు. అంటరానివారుగా ముద్రపడిన ప్రజలు తమకు తాము పెట్టుకున్న పేరు. దాని వెనుక ప్రధానంగా నిలిచిన వ్యక్తి భాగ్యరెడ్డి వర్మ. ఎస్సీ వర్గీకరణపై 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పును చర్చించే విద్యార్థులు ముందుగా ఆయన జీవితాన్ని తెలుసుకోవాలని నా మనవి.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. పేదరికం వల్ల చిన్నతనంలోనే ఇళ్లలో పనికి కుదిరారు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1906లో, జగన్మిత్ర మండలి స్థాపించారు. హరికథలు, భజనలు, ఉపన్యాసాల ద్వారా వాడవాడకూ ఆత్మగౌరవ భావాన్ని చేర్చారు. 1911లో అది మన్య సంఘమైంది. ఆడపిల్లలను దేవతల పేరిట అంకితం చేసే ఆచారాన్ని, మద్యపానాన్ని, బాల్యవివాహాలను ఆయన ఎదిరించారు. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో దళిత పిల్లల కోసం తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపారు.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ సభ పేరునే ప్రశ్నించారు. నాలుగు వర్ణాలు చెప్పిన శాస్త్రాలలో అయిదో వర్ణం లేనప్పుడు పంచములెవరన్నది ఆయన వాదం. ఈ నేలకు తొలి వారసులం గనుక ఆది ఆంధ్రులమని సభ ప్రకటించుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును అంగీకరించింది. 1931 జనగణనలో హైదరాబాదు సంస్థానం దళితులను ఆది హిందువులుగా నమోదు చేసింది. ఆ రెండు దస్తావేజు మార్పులూ పెద్ద రాజకీయ విజయాలే. ఒక సమూహాన్ని ఏ పేరుతో పిలవాలో నిర్ణయించే అధికారం అప్పటిదాకా పై కులాల చేతిలో ఉండేది.

అయితే ఉమ్మడి పేరు కింద ఉమ్మడి స్థితి లేదు. ఆది హిందూ సంస్థలలో మాలల ఆధిక్యం ఉందని భావించిన మాదిగలు 1930ల తొలినాళ్లలోనే హైదరాబాదులో అరుంధతీయుల పేరిట వేరుగా సంఘటితమయ్యారు. వర్మ జీవించి ఉండగానే మొదలైన ఆ ప్రశ్న, 1939 ఫిబ్రవరి 18న ఆయన మరణించిన తరువాతా ఆగలేదు. 1990లలో దండోరా ఉద్యమంగా తిరిగి వచ్చింది.

ఆ ఉద్యమ ఫలితంగా 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 59 కులాలను నాలుగు వర్గాలుగా విభజించింది. ఆది ఆంధ్రులను ఒక్క శాతం కోటా గల ‘డి’ వర్గంలో ఉంచింది. జాబితాలోని కులాలన్నీ ఒకే తరగతి కాబట్టి విభజన చెల్లదని 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. రెండు దశాబ్దాల తరువాత దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చింది. రాష్ట్రాలు వర్గీకరించవచ్చు, కానీ ప్రాతినిధ్య లోపాన్ని గణాంకాలతో నిరూపించాలి. కోటా మొత్తాన్ని ఒక్క ఉపవర్గానికే కట్టబెట్టరాదు. ఆ నిర్ణయాలపై న్యాయసమీక్ష ఉంటుంది.

2025లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన విధానంలో మూడు వర్గాలున్నాయి. వాటి వాటాలు 1, 6.5, 7.5 శాతం. పాత ‘డి’ వర్గం ఇప్పుడు విడిగా లేదు. ఇక్కడే నా ఆందోళన. ‘ఆది ఆంధ్ర’ మాల, మాదిగలిద్దరినీ కలుపుకోవాలని పెట్టుకున్న పేరు. ఒక కుటుంబం పత్రంలో ఆ మాట ఉన్నంత మాత్రాన దాని సామాజిక స్థితి తెలియదు. పేరును బట్టి వాటా నిర్ణయిస్తే, నిరూపణ కోరిన తీర్పు స్ఫూర్తి దెబ్బతింటుంది.

అందుకే ప్రభుత్వం రెండు పనులు చేయాలి. ఆది ఆంధ్రులుగా నమోదైన కుటుంబాల చదువు, ఉద్యోగం, భూమి వివరాలను విడిగా సేకరించి ప్రచురించాలి. తమ వర్గం తప్పుగా నమోదైందనే వారికి విచారణ కోరే అవకాశం ఇవ్వాలి. పేరు మార్పిడి దొడ్డిదారి కాకుండా ఆ విచారణ బహిరంగంగా జరగాలి.

వర్గీకరణ అన్నంత మాత్రాన భాగ్యరెడ్డి వర్మ కల చెదిరిపోయిందనుకోవడం పొరపాటు. అవమానాన్ని ఎదిరించడానికి ఆయన ఒక ఉమ్మడి పేరు ఇచ్చారు. ఆ పేరు కింద ఎవరికెంత దక్కిందో లెక్క చూపమని అడగడం దానికి తరువాయి మెట్టు. లెక్క దాచిన ఐక్యత నిలవదు. లెక్క తేలాక వాటాను ఒప్పుకున్న ఐక్యతే ఆయన కోరిన గౌరవానికి తగినది.