డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారి జీవితము

వైద్యశాస్త్రమునకు వన్నె తెచ్చిన తెలుగువారిలో డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు ముఖ్యులు. వారి చరితమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము. వీరు 1921వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన శ్రీకాకుళమున జన్మించిరి. విశాఖపట్టణమందలి ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో పట్టభద్రులైరి. నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయమున పనిచేసిరి. ఆక్స్‌ఫర్డులో డాక్టరేటు పొందిరి. పిదప ఢిల్లీ చేరిరి.

ఆ కాలమున హిమాలయ సానువులందలి గ్రామములలో అనేకుల కంఠములు గళగండముతో ఉబ్బియుండెడివి. అంతకంటె శోచనీయమైన విషయము మరియొకటి గలదు. అచ్చట కొందరు శిశువులు పుట్టుకతోనే వినికిడియు పలుకును లేక, బుద్ధి వికసింపక యుండెడివారు.

ఇది విధివ్రాత కాదు, నేలలోని లోపము. వానలకును వరదలకును కొండనేలలోని అయొడిన్ కొట్టుకొనిపోవును. అది లేనిదే కంఠమందలి థైరాయిడ్ గ్రంథి తన హార్మోనును తయారుచేయజాలదు. క్షీరదముల మెదడు గర్భమునందే హార్మోనుల ప్రభావమున రూపొందును. స్త్రీపురుష భేదమును కలిగించు హార్మోనులు మెదడు అమరికను కొంత మలచును. థైరాయిడ్ హార్మోనో, నాడీకణములు పెరిగి, తమ తావులకు చేరి, శాఖలు చాచుటకే ఆధారము. తొలి నెలలలో శిశువునకు ఇది తల్లినుండియే రావలెను. అప్పుడు మిక్కిలి కొరవడినచో మెదడునకు కలిగిన నష్టము పిదప తీరదు.

1956లో రామలింగస్వామిగారును వారి సహచరులును కాంగ్రా లోయను మూడు మండలములుగా విభజించిరి. రెండింట అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానియందు మామూలు ఉప్పును ఇప్పించిరి. 1962 నాటికి మొదటి రెండింట గళగండము మిక్కిలి తగ్గెను, మూడవదానియందు తగ్గలేదు. అంతట అచ్చటివారికిని అయొడిన్ ఉప్పు అందజేసిరి. ఆ యేటనే ప్రభుత్వము దేశమున గళగండ నివారణ పథకమును ప్రారంభించెను.

వీరు 1969 నుండి 1979 వరకు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా నుండిరి. పద్మవిభూషణ్ పురస్కారము పొందిరి. 2001 మే 28న దివంగతులైరి.

ఇది కొండవారి వ్యాధి, మనకేల యని తలచరాదు. ఈ లోపము మైదానములందును గలదు. పెద్దలకు దినమునకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు మాత్రమే. జీవితకాలమంతటికి కూడినను ఒక చెంచాకు మించదు. వేలూరునగాని గుడియాత్తమునగాని కల్లుప్పు కొనునపుడు, పొట్లముపై అయొడిన్ అను మాట ఉన్నదో లేదో చూడుడని మన తల్లులకు చెప్పుదము. రాబోవు తమ్ములకును చెల్లెండ్రకును మనము చేయగల మేలు ఇది.