కుర్రాళ్లకే బాధ్యత అప్పగించిన డాన్ బోస్కో

డాన్ బోస్కో పేరును పాఠశాలల బోర్డుల మీద చూడనివారు మన పట్టణాల్లో తక్కువ. ఆ పేరు వెనుక ఉన్న మనిషి జీవితం మాత్రం మన ప్రొటెస్టెంట్ విశ్వాసుల్లో చాలామందికి తెలియదు. రోమన్ కథోలిక సంఘం ఆయనను 1934లో పునీతుడిగా ప్రకటించింది. పునీతులను వేడుకునే ఆచారం మనకు లేదు. అయినా మగపిల్లల మధ్య, అందులోనూ అల్లరి పిల్లల మధ్య పరిచర్య ఎలా చేయాలో, వారిలో నుంచే నాయకులను ఎలా లేపాలో తెలుసుకోవాలంటే ఆయన జీవితం చదవాల్సిందే.

జాన్ బోస్కో 1815 ఆగస్టు 16న ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, బెక్కి అనే చిన్న పల్లెలో పుట్టాడు. రెండేళ్లు నిండకముందే తండ్రి న్యుమోనియాతో చనిపోయాడు. తల్లి మార్గరీటకు అక్షరాలు రావు, కానీ దేవుని భయం గల స్త్రీ. సవతి అన్న ఆంటోనియోకు తమ్ముడి చదువు గిట్టేది కాదు. నాగలి పట్టే ఇంట్లో పుస్తకాలెందుకని రోజూ తగాదా. ఆ పోరు పడలేక 12 ఏళ్లకే జాన్ ఇల్లు విడిచి, పరాయివారి పొలంలో పాలేరుగా చేరాడు.

అంతకుముందే, తొమ్మిదేళ్ల వయసులో అతనికొక కల వచ్చింది. బూతులు తిట్టుకుంటూ కొట్టుకుంటున్న పిల్లల గుంపులోకి తాను దూకి పిడికిళ్లతో వారిని ఆపబోయాడట. అప్పుడు తేజస్సుతో వెలిగే ఒక పురుషుడు కనబడి, దెబ్బలతో కాదు, సాత్వికంతో, ప్రేమతో వారిని సంపాదించుకోవాలని చెప్పాడట. ఈ కలను ఆయన ముసలితనం దాకా మరచిపోలేదు. అయితే పిడికిలి విప్పడానికి చాలా ఏళ్లే పట్టింది.

పల్లెలో ఉండగానే సంతల్లో గారడీవాళ్లను చూసి తాడు మీద నడవడం, గారడీలు చేయడం నేర్చుకున్నాడు. రెండు చెట్ల మధ్య తాడు కట్టి ఊరివాళ్లకు ఆటలు చూపించేవాడు. టికెట్టు లేదు. ఆట మధ్యలో ప్రార్థన చేయాలి, గుడిలో విన్న ప్రసంగాన్ని తాను తిరిగి చెబితే వినాలి. వినని వాడికి ఆట లేదు!

1831లో కియేరి పట్టణంలో మగపిల్లల లాటిన్ బడిలో చేరాడు. అప్పటికి 16 ఏళ్లు. పక్కన కూర్చున్నవాళ్లంతా చిన్నపిల్లలు. కడుపు నింపుకోవడానికి దర్జీ పని నేర్చాడు, కాఫీ హోటల్లో పనిచేసి ఆ హోటల్లోనే మెట్ల కింద పడుకున్నాడు. ఆ బడిలోనే 1832లో తోటి విద్యార్థులతో ఒక చిన్న బృందం కట్టాడు. దాని పేరు ఉల్లాస సంఘం. నియమాలు కొన్నే. క్రైస్తవునికి తగని మాట, పని చేయకూడదు. చదువులోనూ భక్తిలోనూ తన బాధ్యత సరిగా నెరవేర్చాలి. సంతోషం కలిగించే ఆటలు, పుస్తకాలు, కబుర్లు వెతికి తేవాలి, దిగులు పుట్టించేదేదీ తేకూడదు. ఏ ఉపాధ్యాయుడూ పెట్టమనలేదు, ఏ పురోహితుడూ నడిపించలేదు. ఆ బృందం పిల్లల సొంతం.

ఒకసారి ఆ ఊరికి ఒక గారడీవాడు వచ్చి సరిగ్గా ఆదివారం ఆరాధన వేళకే ప్రదర్శన మొదలుపెట్టేవాడు. కుర్రాళ్లు గుడి మాని అటు పరుగెత్తేవారు. జాన్ అతనికి పందెం విసిరాడు. మొదట పరుగు, 20 లీరాలు. తర్వాత గంతు, 40. తర్వాత కర్రను చేతి వేళ్ల నుంచి గడ్డం దాకా నిలబెట్టి ఆడించడం, 80. చివరికి చెట్టు ఎక్కడం, 100. పందెం డబ్బు పేద విద్యార్థులు తలా కొంచెం పోగుచేసిందే. నాలుగింటిలోనూ జాన్ గెలిచాడు. 240 లీరాలు పోగొట్టుకున్న ఆ మనిషి ముఖం చూసి కుర్రాళ్లకు జాలి వేసింది. తమ 22 మందికి ఒక పూట భోజనం పెట్టిస్తే చాలునని, మిగతా డబ్బు తిరిగి ఇచ్చేశారు. ఇకమీదట విద్యార్థులతో పందేలు కాయనని అతడు మాట ఇచ్చి వెళ్లాడు. గెలిచిన చోట ఓడినవాణ్ణి నిలబెట్టి పంపడం పెద్దలకే చేతకాని పని.

అదే కియేరిలో లూయీజీ కొమొల్లో అనే సాత్వికుడైన విద్యార్థి ఉండేవాడు. చెంప మీద కొట్టినా తిరిగి కొట్టేవాడు కాదు. ఒకరోజు తరగతిలో అతన్ని కొందరు చితకబాదుతుంటే జాన్‌కు ఒళ్లు మండిపోయింది. చేతికి కర్ర దొరకలేదు. దగ్గరున్న కుర్రాణ్ణే భుజాలు పట్టి ఎత్తి, అతన్నే కర్రలా తిప్పుతూ మిగతావాళ్లను కొట్టాడు! కొమొల్లో కృతజ్ఞత చెప్పలేదు, మందలించాడు. దేవుడు నీకు బలమిచ్చింది తోటివారిని చావగొట్టడానికి కాదని, క్షమించి మేలు చేయమని చెప్పాడు. కలలో విన్న మాటనే ఈ బక్కపలచని స్నేహితుడి నోట మళ్లీ విన్నాడు జాన్. కొమొల్లో 1839లో, గురువిద్య ముగియకుండానే కన్నుమూశాడు. అతని జీవితకథను తర్వాత జాన్ స్వయంగా రాశాడు.

1841 జూన్ 5న జాన్ గురువుగా అభిషేకం పొందాడు. డాన్ అన్నది ఇటలీలో గురువుల పేరుకు ముందు చేర్చే గౌరవ పదం. టూరిన్ నగరం అప్పుడు పల్లెల నుంచి కూలికి వచ్చిన కుర్రాళ్లతో నిండిపోతోంది. తాపీ పనివాళ్లు, పొగగొట్టాలు తుడిచేవాళ్లు, ఏ పనీ దొరకనివాళ్లు. వారిలో చాలామంది చివరికి చెరసాలకు చేరేవారు. ఆ చెరసాలల్లోకి వెళ్లి చూసిన డాన్ బోస్కో, బయట ఒక్క స్నేహితుడు ఉండి ఉంటే వీళ్లు ఇక్కడికి వచ్చేవారు కాదనుకున్నాడు. ఆదివారాల్లో వాళ్లను పోగుచేసి ఆటలు, పాటలు, వాక్యం. గోల భరించలేక ఒక చోటి నుంచి మరో చోటికి తరిమారు. చివరికి 1846 ఈస్టరు నాడు వాల్డొక్కోలో ఒక షెడ్డు దొరికింది. ఆ ఏడాదే తల్లి మార్గరీట పల్లె విడిచి వచ్చి, పదేళ్లపాటు, చనిపోయేవరకు ఆ పిల్లలకు వండిపెట్టింది, బట్టలు కుట్టింది.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. 1848లో పీడ్‌మాంట్ రాజు వాల్డెన్సియన్లకు, అంటే ఆ ప్రాంతపు ప్రొటెస్టెంట్ సోదరులకు, పౌరహక్కులు ఇచ్చాడు. వారి బోధకు వ్యతిరేకంగా డాన్ బోస్కో 1853 నుంచి నెలనెలా చిన్న పుస్తకాలు ప్రచురించాడు. వాటిలోని వాదాలను నేను ఒప్పుకోను. కానీ కథోలిక గురువుగా ఉండి ప్రొటెస్టెంట్ బోధకుడైన లూయీజీ దె సాంక్తిస్ 1854లో తన సంఘంలో స్థానం కోల్పోయినప్పుడు, వచ్చి నా ఇంట్లో ఉండమని, నా బల్ల దగ్గర భోంచేయమని ఉత్తరం రాసినవాడూ ఈయనే. అతడు వెళ్లలేదు. ఆ ఉత్తరం మాత్రం నాకు ఆయన పుస్తకాలన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

1854 వేసవిలో టూరిన్‌లో కలరా వ్యాపించింది. రోగులను మోయడానికి సొంతవాళ్లే జంకుతుంటే, డాన్ బోస్కో పిల్లల్లో 40 మందికి పైగా స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఆ అక్టోబరులోనే డొమినిక్ సావియో అనే 12 ఏళ్ల కుర్రాడు వాల్డొక్కోకు చదువుకోవడానికి వచ్చాడు. 1856 జూన్ 8న అతడూ స్నేహితులూ కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారు. మరియమాత పేరు మీద పెట్టుకున్న ఆ బృందం భక్తిరీతి మనది కాదు. దాని పని చూడండి. బడిలో ఎవరితోనూ కలవని పిల్లాడు, బూతులాడే పిల్లాడు, కొత్తగా వచ్చి ఏడుస్తున్న పిల్లాడు, ఇలాంటి ఒక్కొక్కరిని బృందంలో ఒక్కొక్కరు తమ వంతుగా తీసుకునేవారు. వాడితో ఆడాలి, పాఠం చెప్పాలి, వాడి పక్కన కూర్చోవాలి. మరుసటి ఏడాది మార్చి 9న, 15 ఏళ్లు నిండకుండానే సావియో చనిపోయాడు. బృందం ఆగలేదు.

మన సంఘాల్లో యూత్ ఫెలోషిప్ అంటే క్రిస్మస్‌కు స్టార్ కట్టడానికి, కన్వెన్షన్‌లో కుర్చీలు మోయడానికి గుర్తొస్తుంది. కమిటీలో మాట్లాడితే ఇంకా చిన్నవాడివంటాం. పౌలు ఎఫెసు సంఘాన్ని అప్పగించిన తిమోతి యౌవనస్థుడేనన్నది ప్రసంగం వరకే ఉండిపోతోంది. 1859 డిసెంబరు 18 రాత్రి డాన్ బోస్కో గదిలో సలేషియన్ సభ పుట్టినప్పుడు, ఆయనతో కలిపి అక్కడున్నది 18 మంది. ఒకరిద్దరు తప్ప అంతా ఆయన పెంచిన కుర్రాళ్లే, చాలామంది సావియో బృందంలో పనిచేసినవాళ్లే. వారిలో 21 ఏళ్ల జాన్ కాలియేరో, సన్యాసినైనా కాకపోయినా డాన్ బోస్కోతోనే ఉంటానని తేల్చుకుని వచ్చాడు. 1875లో అర్జెంటీనాకు మొదటి మిషనరీలను తీసుకెళ్లింది అతడే.

వయసు మళ్లాక డాన్ బోస్కోకు ఒక బాధ మిగిలింది. 1884 మేలో రోము నుంచి తన బడికి ఒక ఉత్తరం రాయించి పంపాడు. ఒకప్పుడు ఆటస్థలంలో పిల్లల మధ్య పరుగెత్తిన పెద్దలు ఇప్పుడు ఓ పక్క నిలబడి తమలో తాము మాట్లాడుకుంటున్నారని, పిల్లలు మూలల్లో గుసగుసలాడుతున్నారని అందులో ఉంది. ప్రేమిస్తే చాలదు, ప్రేమిస్తున్నారని పిల్లలకు తెలియాలని ఆ ఉత్తరం సారాంశం. 1888 జనవరి 31న ఆయన టూరిన్‌లో కన్నుమూశాడు.

ఆయన తర్వాత సభను నడిపినవాడు మైకేల్ రువా. తండ్రి లేని పిల్లాడు, టూరిన్ వీధుల్లో డాన్ బోస్కోకు ఎదురైనవాడు. చిన్నతనంలో అతడు చెయ్యి చాచితే డాన్ బోస్కో తన అరచేతిని సగానికి కోస్తున్నట్టు సైగ చేసి నవ్వాడట. మనిద్దరం అన్నీ సగం సగం పంచుకుంటామని దాని భావమని చాలా కాలం తర్వాత వివరించాడు. రువా 1910 వరకు ఆ పని మోశాడు. 1906లో తంజావూరులో అడుగుపెట్టిన మొదటి సలేషియన్లను పంపింది ఆయనే. విజయవాడలో వీధి పిల్లల కోసం సలేషియన్లు నడిపే నవజీవన్ బాలభవన్ ఆ వరుసలోదే.