ఒక రాత్రి, మూడు పిలుపులు
డాక్టర్ ఐడా స్కడ్డర్ (1870–1960)

వేలూరు ఆసుపత్రి పేరు వినని తెలుగు క్రైస్తవ కుటుంబము అరుదు. మన ఊళ్ల వైద్యులు చేతులెత్తివేసినప్పుడు ఎందరో రైలెక్కి అచ్చటికి పోయిరి. ఆ గొప్ప సంస్థకు మూలము ఒక విజయము కాదు. ఏమియు చేయలేకపోయిన ఒక రాత్రి.

ఐడా సోఫియా స్కడ్డర్ 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. ఆమె తాత 1819లో అమెరికానుండి బయలుదేరిన వైద్య మిషనెరీ, తండ్రియు వైద్యుడే. అయినను ఐడాకు మిషనెరీ జీవితముపై మనస్సు లేదు. బాల్యములో కన్నులార చూచిన కరవు ఆమెను భయపెట్టెను. అమెరికాలో చదివి అచ్చటనే స్థిరపడవలెనని కోరెను. తల్లి అస్వస్థురాలైనందున మాత్రమే, కొద్దికాలము ఉండుటకై తిండివనమునకు తిరిగివచ్చెను.

అచ్చట ఒక రాత్రి ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు పురుషులు ఆమె గుమ్మమునకు వచ్చిరి. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు మహమ్మదీయుడు, మరియొకరు వేరొక కులమునకు చెందిన హిందువు. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో నుండిరి. తనకు వైద్యము రాదనియు, తండ్రిని పంపెదననియు ఐడా చెప్పెను. పరపురుషుడు తమ స్త్రీలను చూచుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ రాత్రి ఆమె నిద్రింపలేదు, ప్రార్థించెను. ఉదయమున తాను వైద్యము చదివి ఇండియాకు తిరిగివచ్చెదనని తలిదండ్రులకు తెలిపెను.

ఆమె ఫిలడెల్ఫియాలోను, పిమ్మట న్యూయార్కు కార్నెల్ వైద్య కళాశాలలోను చదివి 1899లో పట్టము పొంది, 1900లో వేలూరు చేరెను. ఆ సంవత్సరమే తండ్రి మరణించెను. ఇంటిలోని ఒక గదిలో ఆమె చికిత్స ప్రారంభించెను. భార్య జ్ఞాపకార్థము ఒక అమెరికా ధనికుడిచ్చిన పదివేల డాలర్లతో 1902లో 40 పడకల మేరీ టాబర్ షెల్ ఆసుపత్రి వెలసెను.

రోగులు వేలుగా వచ్చుచుండిరి. అయితే ఒక వైద్యురాలు ఎన్ని గుమ్మములకు పోగలదు? తాను చేయు వైద్యముకంటె తాను నేర్పు వైద్యమే ఎక్కువ ప్రాణములను కాపాడునని ఆమె గ్రహించెను. 1909లో నర్సుల పాఠశాల ఆరంభించెను. స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టవలెననగా మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి, ఆరుగురు వచ్చినను గొప్పయే అని సందేహించెను. 1918లో 151 దరఖాస్తులు వచ్చెను. మొదటి సంవత్సర పరీక్షలో ఆ బాలికలందరు ఉత్తీర్ణులైరి.

ఇరువది యేండ్ల తరువాత పెద్ద శోధన వచ్చెను. వైద్య పాఠశాలలన్నియు విశ్వవిద్యాలయ కళాశాలలు కావలెనని, లేనియెడల మూతపడవలెనని మద్రాసు ప్రభుత్వము 1938లో నిర్ణయించెను. దానికి కావలసిన ధనము, ఆచార్యులు వేలూరులో లేరు. డెబ్బది యేండ్ల వయస్సులో ఆమె అమెరికాకు పోయి ఊరూర తిరిగి సహాయమర్థించెను. పురుషులను చేర్చుకొనినగాని పలు మిషనుల సహాయము దొరకదని తేలెను. స్త్రీలకొరకే కట్టిన సంస్థ అట్లు మారుటకు ఆమె చిరకాల స్నేహితురాండ్రు కొందరు అంగీకరింపలేదు. ఐడాకు అది కఠినమైన సంకటము. అయినను పని నిలుచుటకై అంగీకరించెను. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు ఆరంభమాయెను, 1947లో పురుష విద్యార్థులు ప్రవేశించిరి.

1946లో ఆమె విరమించెను. తరువాత విశాఖపట్నమున జన్మించిన డాక్టర్ హిల్డా లాజరస్ ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు ఆయెను. తాను కట్టినదానిని ఈ దేశపు స్త్రీ చేతిలో ఐడా కన్నులార చూచెను. 1960 మే నెలలో కొడైకెనాలులో ప్రభువునందు నిద్రించెను.

ఆ మూడు పిలుపులకు ఆమె ఆ రాత్రి జవాబియ్యలేకపోయెను. ఆమె శిష్యురాండ్రు లెక్కలేనన్ని గుమ్మములలో ఆ జవాబు నిచ్చిరి. దేవుడు మనకిచ్చిన నేర్పును మన చేతులలోనే దాచుకొనుచున్నామా, లేక ఇతరుల చేతులకు అందించుచున్నామా? ఈ దైవసేవకురాలి జీవితము మనలను అడుగు ప్రశ్న ఇదియే.