ఓటమి ఎరుగని వస్తాదు – గామా పహిల్వాన్

మన ఇళ్లలో కుర్రాడెవడైనా కాస్త ఛాతీ విరుచుకుని నడిచాడంటే చాలు, పెద్ద గామా పహిల్వాన్ బయలుదేరాడండీ అని పెద్దవాళ్లు వేళాకోళం చేసేవారు. ఆ మాట అన్నవాళ్లు గామాను చూసిందీ లేదు, విన్న కుర్రాడికి ఆయనది ఏ ఊరో తెలిసిందీ లేదు. అయినా ఆ పేరు ఎక్కడో పంజాబు నుంచి మన తాలింఖానాల దాకా నడిచి వచ్చింది. ఆయన కన్నుమూసి ఆరు దశాబ్దాలు దాటినా కుస్తీ అంటే ప్రాణం పెట్టే అభిమానులు ఇంకా ఆ పేరే తలుస్తారు. ఆయన బలం గురించి అందరూ చెబుతారు. ఆయన సబర్ గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఈ నాలుగు మాటలూ అందుకే.

గామా అసలు పేరు గులాం ముహమ్మద్ బక్ష్. 1878లో కాశ్మీరు మూలాలున్న పంజాబీ ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట్లో కుస్తీ తరతరాల విద్య. తండ్రి అజీజ్ బక్ష్ కూడా పేరున్న పహిల్వానే. కానీ గామాకు ఆరేళ్లయినా నిండీ నిండకముందే తండ్రి పోయారు. తల్లి తరఫు తాతగారు చేరదీశారు. ఆయనా ఎక్కువకాలం బతకలేదు. అప్పుడు మేనమామ ఈదా పహిల్వాన్ పిల్లవాణ్ని తన దగ్గర పెట్టుకుని, తండ్రి కోరిక నెరవేర్చాలని సాము నేర్పించారు. మన సమాజంలో తండ్రి లేని బిడ్డలు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకడికి మేనమామ భుజం ఆసరా ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి గామా జీవితం ఒక్కటి చాలు.

1888లో జోధ్‌పూర్ మహారాజు దేశం నలుమూలల నుంచి పహిల్వాన్లను పిలిపించి ఒక పోటీ పెట్టారు. బైఠక్‌లు తీయాలి, ఎవరు చివరిదాకా నిలబడితే వాళ్లది గెలుపు. నాలుగువందల మందికి పైగా వచ్చారు. వాళ్ల మధ్య పదేళ్ల గామా కూడా బైఠక్‌లు మొదలుపెట్టాడు. గడ్డాలు మీసాలు పెంచిన వస్తాదులు ఒక్కొక్కరే కూలబడుతుంటే, చివరికి మిగిలిన పదిహేనుమందిలో ఈ పిల్లవాడూ ఉన్నాడు. ఆ వయసుకి అంత పట్టుదల చూసి మహారాజు అతన్నే విజేతగా ప్రకటించారు. ఆ తర్వాత బుందేల్‌ఖండ్‌లోని దతియా సంస్థానం మహారాజు అతన్ని తన ఆస్థానంలో పెట్టుకుని ఖురాక్, తాలీం అన్నీ చూశారు. ముస్లిం కుర్రాడికి హిందూ రాజుగారి ఇంటి పాలు, బాదంపప్పు పోశాయి ప్రాణం. ఆ రోజుల్లో గోదా మట్టికి మతం అంటలేదు.

రోజుకు మూడువేల దండీలు, ఐదువేల బైఠక్‌లు తీసేవారని ఆయన గురించి చెబుతారు. 1902లో బరోడాలో ఆయన ఎత్తారని పేరున్న రాయి అక్కడి మ్యూజియంలో ఉంది. దాని బరువు 1200 కిలోలని చెప్పుకుంటారు. ఇటువంటి కథలు పహిల్వాన్ల చుట్టూ అల్లుకోవడం సహజం. నాకు మాత్రం రాయి కంటే రహీంబక్ష్ కథే పెద్దదనిపిస్తుంది.

గుజ్రన్‌వాలాకు చెందిన రహీంబక్ష్ సుల్తానీవాలా ఆనాటికి పేరుమోసిన మల్లుడు. మనిషి దాదాపు ఏడడుగులు. గామా ఐదడుగుల ఏడంగుళాల మనిషి. 1895లో, పదిహేడేళ్ల వయసులో, గామా ఆయన్ని కుస్తీకి పిలిచాడు. చూడవచ్చినవాళ్లు కుర్రాడి మీద జాలిపడ్డారు. చాలాసేపు పోరు జరిగింది. గామా ముక్కు నుంచీ చెవుల నుంచీ రక్తం కారింది. అయినా నడుం వంచలేదు. చివరికి ఎవరూ గెలవకుండానే కుస్తీ ముగిసింది. కుర్రాడి పేరు మాత్రం ఊరూరా పాకింది. అది చాలనుకుని కూర్చోలేదు గామా. తేలకుండా మిగిలిపోయిన ఆ కుస్తీని మనసులో పెట్టుకుని ఏళ్ల తరబడి సాధన చేశారు. తోటి మల్లులందరినీ ఒక్కొక్కరినే చిత్తు చేస్తూ వచ్చారు.

1910లో ఒక బెంగాలీ ధనవంతుడు ఖర్చు పెట్టుకోగా, తమ్ముడు ఇమాంబక్ష్‌తో కలిసి ఓడెక్కి ఇంగ్లండు వెళ్లారు. అక్కడ తెల్ల మల్లుల పోటీల్లో చోటే దొరకలేదు. మనిషి పొట్టి అన్నారు. గామా గొడవ పడలేదు. ఎంత బరువున్నవాడైనా సరే వచ్చి తలపడవచ్చని సవాలు విసిరి, ఓపిగ్గా కూర్చున్నారు. మొదట అదేదో ప్రచారం కోసం చేసిన గారడీ అనుకున్నారు. చివరికి ఆగస్టు 8న అమెరికాకు చెందిన డాక్టర్ బెంజమిన్ రోలర్ ముందుకొచ్చాడు. మొదటిసారి రెండు నిమిషాలైనా కాకముందే, రెండోసారి పది నిమిషాల లోపే ఆయన భుజాలు నేలకు ఆనాయి. లండను పత్రికలు అప్పుడు గానీ కళ్లు తెరవలేదు.

సెప్టెంబరు 10న షెపర్డ్స్ బుష్‌లోని స్టేడియంలో ప్రపంచ ప్రసిద్ధుడైన పోలిష్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కోతో పోటీ. గెలిచినవారికి 250 పౌన్లు, జాన్‌బుల్ బెల్టు. గంట మోగిన కాసేపటికే గామా జిబిస్కోను కిందికి తెచ్చారు. ఆ తర్వాత జరిగింది కుస్తీ చరిత్రలోనే విచిత్రం. కుస్తీలో భుజాలు నేలకు ఆనితేనే ఓటమి. అందుకని భారీ మనిషైన జిబిస్కో బోర్లా పడుకుని చాపను కరచుకుని ఉండిపోయాడు. లేవడు, తిరగడు. రెండున్నర గంటలకు పైగా గామా ఆ కొండను కదిలించాలని చూశారు. చీకటి పడింది, ఫలితం తేలలేదు. వారం తిరిగి 17వ తేదీన మళ్లీ పోటీ అన్నారు. గామా వచ్చి నిలబడ్డారు. జిబిస్కో రానే లేదు. గామాయే గెలిచారని ప్రకటించి బెల్టు ఇచ్చారు. తెల్లవాడి పాలనలో తల వంచుకుని బతుకుతున్న మన దేశంలో ఆ వార్త ఎంత పండగ తెచ్చి ఉంటుందో వేరే చెప్పాలా! మన సిక్కోలు సీమ వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడుగారు ఇనుప గొలుసులు తెంచి పేరు తెచ్చుకున్నదీ ఆ కాలంలోనే. ఉత్తరాన గామా, మనకు రామమూర్తి. బలంలో మేమూ తక్కువ కాదని జనం ఇద్దరినీ చూసి ధైర్యం తెచ్చుకున్నారు.

ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చాక అలహాబాదులో రహీంబక్ష్‌తో మిగిలిన లెక్క తేలింది. గామా గెలిచి రుస్తుం-ఎ-హింద్ అయ్యారు. ఇక మిగిలింది జిబిస్కో లెక్క. ఎదురు రాకపోయినా బెల్టు వచ్చిందిగా, ఇంకేం కావాలి అని మరొకరైతే అనుకునేవారు. గామా పద్దెనిమిదేళ్లు ఎదురుచూశారు. 1928 జనవరిలో పాటియాలా మహారాజు వాళ్లిద్దరినీ మళ్లీ కలిపారు. జనం వేలాదిగా విరగబడ్డారు. ఇద్దరికీ వయసు యాభై దగ్గర పడింది. రెండున్నర గంటల్లో తేలని కుస్తీ ఈసారి నిమిషం తిరగకముందే తేలిపోయింది. జిబిస్కో వెల్లకిలా పడ్డాడు. ఓడినా పెద్దమనసుతో గామాను పులితో పోల్చి మెచ్చుకున్నాడట. మరుసటి ఏడు జెస్సీ పీటర్సన్ కూడా ఒకటిన్నర నిమిషంలో ఓడాక, ఇక ఆయనతో తలపడేవాడే కరువయ్యాడు.

అసలు పరీక్ష గోదా బయట జరిగింది. 1947 దేశ విభజన నాటికి గామా లాహోరులో మోహినీ రోడ్డులో ఉన్నారు. ఆ మొహల్లాలో హిందూ కుటుంబాలు చాలా ఉండేవి. ఊరంతా తగలబడుతున్న ఆ రోజుల్లో అల్లరిమూక అటు వచ్చినప్పుడు, డెబ్బై ఏళ్లకు దగ్గరైన ఆ ముసలి వస్తాదు తన శిష్యులతో వీధి మొగలో నిలబడ్డారని ఆయన కుటుంబంవాళ్లు చెబుతారు. పొరుగువాళ్ల మీద చెయ్యి వేయాలంటే ముందు తనను దాటాలన్నారట. మూక వెనక్కి తిరిగింది. ఆ కుటుంబాలను దగ్గరుండి సరిహద్దు దాకా పంపి, దారి ఖర్చుకీ తిండికీ సొంత డబ్బు ఇచ్చారని చెప్పుకుంటారు. అరవై ఏళ్లు తిన్న పాలు, బాదం, తీసిన దండీలు ఆ రోజుకే పనికొచ్చాయనిపిస్తుంది.

ఆ తర్వాతి కథ చెప్పడానికి మనసు ఒప్పదు. ఆదరించిన సంస్థానాలు పోయాయి. కొడుకులు చిన్న వయసులోనే పోయారు. గుండె జబ్బు, ఉబ్బసం పట్టుకున్నాయి. మందులకు కూడా డబ్బు కటకటైంది. ఆ సంగతి తెలిసి ఇండియా నుంచి జి.డి.బిర్లాగారు రెండువేల రూపాయలు పంపి, నెలకు మూడువందల రూపాయల పింఛను ఏర్పాటు చేశారు. మొహల్లాలో హిందువుల ప్రాణాలకు అడ్డం నిలిచిన ముస్లిం వస్తాదుకు సరిహద్దు ఇవతల నుంచి ఒక హిందూ అభిమాని చెయ్యి అందించాడు. 1960 మే 23న లాహోరులో గామా కన్నుమూశారు.

తమ్ముడు ఇమాంబక్ష్ కొడుకులు, భోలూ పహిల్వాన్ సోదరులు, ఆ విద్యను నిలబెట్టారు. సినిమా వీరుడు బ్రూస్ లీ కూడా గామా కసరత్తుల గురించి చదివి తన సాధనలో చేర్చుకున్నాడు. పేరు అలా ప్రపంచం చుట్టింది. మన మనసును కలచివేయవలసింది మాత్రం ఆ చివరి రోజులు. జనం భుజాల మీద ఊరేగించిన మనిషి మందుల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. మన ఊళ్లోనూ ఒకనాటి వస్తాదులు, ఆటగాళ్లు, పాటగాళ్లు ఏ మూల గదిలోనో దగ్గుతూ ఉండవచ్చు. చప్పట్లు కొట్టినవాళ్లు ఒకసారి వెళ్లి తలుపు తట్టాలి. గామా మీద అభిమానం చూపించుకోవడానికి అంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు.

అల్లాహ్ ఆ మహామల్లుడికి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆయన సబర్‌లో ఒక పాలు మన పిల్లలకూ దక్కుగాక.